నిండా మునిగిన వేళ: మంజీరా తీరంలో చన్నీటి స్నానం, దాని ఆధ్యాత్మికాకర్షణ

వ్యాససంగ్రహం

చలికాలంలో తెల్లవారక ముందే నదిలో మునగడం తెలుగునాట కార్తిక, మాఘ వ్రతాలకు ముఖ్యాంగం. పాశ్చాత్య దేశాల్లో ఇటీవల ఆదరణ పొందిన చన్నీటి ఈతను కూడా దాన్ని అభ్యసించేవారు తరచూ ఆధ్యాత్మిక పరిభాషలోనే వర్ణిస్తున్నారు. ఈ రెండింటి పోలికను, భేదాన్ని మంజీరా పరీవాహక ప్రాంతం ఆధారంగా ఈ వ్యాసం పరిశీలిస్తుంది. చన్నీటి మునకకు ఉన్న ఆకర్షణ నీటి చల్లదనంలో కంటే ఆ చల్లదనాన్ని మనిషి తానుగా వరించడంలో ఉందనీ, అందువల్ల అలా వరించే స్వేచ్ఛ ఎవరికి ఉంది, ఎవరికి లేదు అన్న ప్రశ్నను దాని నుంచి విడదీయలేమనీ ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: చన్నీటి స్నానం, మాఘస్నానం, సంకల్పం, అవగాహన, థేరీగాథ, మంజీరా, నిజాంసాగర్

ఉపోద్ఘాతం

మహమ్మద్‌నగర్ కామారెడ్డి జిల్లాలో ఇటీవల ఏర్పడిన మండలాలలో ఒకటి. నిజాంసాగర్ జలాశయం దీనికి ఇరుగుపొరుగు. ఎల్లారెడ్డి, బాన్సువాడల పరిసరాల్లోని ఈ నేలకు నీరంటే మంజీరాయే. మహారాష్ట్రలోని బాలాఘాట్ కొండల్లో పుట్టి, బీదర్ సీమను దాటి, మెదక్ ప్రాంతంలో ప్రవహించి, నిజాంసాగర్‌లో నిలిచి, కందకుర్తి వద్ద గోదావరిలో కలిసే నది ఇది. జనవ్యవహారంలో నదిని పేరుపెట్టి పిలవడం తక్కువ. 'గంగ' అంటే చాలు. ఉత్తర తెలంగాణలో గోదావరి కూడా గంగే. 'గంగకు పోయి తానం చేసి వచ్చినం' అన్న మాటలో కాశీ ప్రసక్తి లేదు.

కార్తికం నుంచి మాఘం దాకా ఈ ప్రాంతపు తెల్లవారుజాములు చల్లగా ఉంటాయి. కొన్ని రాత్రులు ఉష్ణోగ్రత పది డిగ్రీలకు దిగువకు జారుతుంది. రష్యాలో జనవరి 19న సిలువ ఆకారంలో మంచును కోసి, ఆ మడుగులో మునిగే ఆర్థడాక్స్ క్రైస్తవులతోనో, ఫిన్లాండ్‌లో గడ్డకట్టిన సరస్సుకు రంధ్రం చేసి ఈదేవారితోనో, జపాన్‌లో జలపాతం కింద నిలిచి శుద్ధి పొందే సాధకులతోనో పోలిస్తే మంజీరా తీరపు చలి స్వల్పమే. మంజీరా గడ్డకట్టదు. అయినా ఏడాదిలో తొమ్మిది నెలలు ఎండకు అలవాటుపడిన దేహానికి, ఎముకలు కొరికే ఆ వేళ, ఒంటిమీద పలుచని తడిబట్టతో నదిలో దిగడం సామాన్యమైన పని కాదు. పొయ్యి మీద నీళ్లు కాచుకొనే వీలు అందరికీ ఉంది. ఆ వీలును కాదనుకొని నదికి వెళ్లడమే ఇక్కడ పరిశీలనాంశం.

మునక, ఈత, అవగాహన

ముందుగా ఒక భేదాన్ని గుర్తించాలి. పాశ్చాత్యులు చెప్పే చన్నీటి ఈతలో ప్రధానమైనది ఈత. తెలుగు ఆచారంలో ప్రధానమైనది మునక. మాఘమాసమంతా నదీస్నానం చేసినవారికి ఈత రానవసరం లేదు. మూడు మునకలు వేసి లేస్తే స్నానం పూర్తయినట్టే. ఈ రెండు క్రియలకూ తెలుగు భాష ఇచ్చిన విలువలు కూడా వేరు. 'ఈదడం' కష్టానికి సంకేతం: సంసారాన్ని ఈదుతారు, కష్టాలను ఈదుతారు, చివరకు గట్టెక్కుతారు. ఈత నిరంతరం ఒడ్డును కోరుతుంది. 'మునగడం' రెండు అంచుల మాట. అప్పుల్లో మునిగినవాడు నాశనమైనట్టే. ధ్యానంలో మునిగినవాడు సిద్ధి పొందినట్టే. 'క్రుంకు' అన్న దేశ్యక్రియ సూర్యుడు అస్తమించడానికీ, మనిషి నీటిలో మునగడానికీ సమానంగా చెల్లుతుంది. ఒక ఉనికి కాసేపు కనుమరుగు కావడం రెండింటిలోనూ ఉంది.

సంస్కృతం నుంచి వచ్చిన మాటలు ఈ విషయంలో మరింత ఆసక్తికరం. విశ్వవిద్యాలయాల్లో ప్రతిదినం వాడే పదాల్లో సగం నీటిలో తడిసినవే. 'అవగాహన'కు మూలార్థం నీటిలోకి దిగడం, మునగడం. 'నిష్ణాతుడు' అంటే బాగా స్నానం చేసినవాడు. 'స్నాతకుడు' బ్రహ్మచర్యాంతంలో స్నానం చేసి గురుకులం విడిచినవాడు. నేటి స్నాతకోత్సవంలో నీరు లేదు, పేరు మాత్రం మిగిలింది. 'ఉత్తీర్ణుడు' దాటి అవతలికి చేరినవాడు, 'పారంగతుడు' ఆవలి ఒడ్డు చేరినవాడు. 'తీర్థం' అంటే దాటడానికి అనువైన రేవు. గురువుకు కూడా అదే పేరు. అందుకే ఒకే గురువు వద్ద చదివినవారు సతీర్థ్యులు. జ్ఞానాన్ని చూపుతోనూ వెలుగుతోనూ పోల్చడం చాలా భాషల్లో ఉంది. ఈ పదజాలం దాన్ని దేహం మొత్తంతో జరిగే క్రియగా ఊహించింది. దూరం నుంచి చూసినవాడికి తెలిసేది ఒకటి, దిగినవాడికి తెలిసేది మరొకటి అన్న భావం దీని వెనుక ఉంది.

చన్నీటి స్నానానికి ఆకర్షణ ఎక్కడిదన్న ప్రశ్నకు మొదటి ఆధారం ఇక్కడే దొరుకుతుంది. వేణ్ణీళ్ల స్నానంలో మనసు ఎటైనా పోవచ్చు. చన్నీటిలో దిగినవాడి మనసు ఆ క్షణంలో ఆ నీటిని విడిచి మరెక్కడా ఉండలేదు.

మొదటి నిమిషం

దేహధర్మం ఈ అనుభవాన్ని ఎలా వివరిస్తుందో క్లుప్తంగా చూడవచ్చు. నిశ్చలమైన గాలి కంటే నీరు దాదాపు 25 రెట్లు వేగంగా వేడిని లాగేస్తుంది. చర్మం హఠాత్తుగా చల్లబడగానే మనిషి ప్రమేయం లేకుండా ఒక పెద్ద ఊపిరి లోపలికి పోతుంది. వెంటనే శ్వాస వేగం, గుండె వేగం, రక్తపోటు పెరుగుతాయి. ఇంగ్లండ్‌లోని పోర్ట్స్‌మత్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్త మైకేల్ టిప్టన్ దశాబ్దాలుగా పరిశోధించిన ఈ ప్రతిస్పందన మొదటి నిమిషంలో పరాకాష్ఠకు చేరి, రెండు మూడు నిమిషాల్లో తగ్గుముఖం పడుతుంది. తరువాత ఒక విధమైన నెమ్మది అలవడుతుంది. ష్రామెక్ అనే చెక్ పరిశోధకుని బృందం 2000లో ప్రచురించిన అధ్యయనంలో, 14 డిగ్రీల నీటిలో తల మాత్రం పైకి ఉంచి గంటసేపు ఉన్న యువకుల రక్తంలో నారడ్రినలిన్ 530 శాతం, డోపమిన్ 250 శాతం పెరిగాయి. స్నానానంతరం కలిగే చురుకుదనానికీ, ఉల్లాసానికీ ఇవి కొంతవరకు కారణం కావచ్చు. నదిలో మూడు మునకలు వేసి గట్టెక్కే భక్తునికి గంటసేపటి ప్రయోగ ఫలితాలను యథాతథంగా అన్వయించడం మాత్రం సరికాదు. ఇటీవలి కొన్ని తెలుగు ఉపన్యాసాల్లో వినిపించే 'మన పూర్వులకు ఇదంతా ముందే తెలుసు' అన్న ధోరణికి ఈ అంకెలు ఆధారం కావు.

పూర్వులకు తెలిసింది వేరు. 'నిండా మునిగినవాడికి చలేమిటి' అన్న సామెత నేడు అప్పులపాలైనవారి గురించి వ్యంగ్యంగా వాడుతున్నా, దాని వాచ్యార్థం అనుభవజ్ఞుని మాట. మోకాటి లోతు నీటిలో వెనుకాముందాడేవాడికే చలి ఎక్కువ. తల మునిగాక, ఆ తొలి విలవిల దాటాక, చలి తన అధికారాన్ని కోల్పోతుంది. ఆధునిక శాస్త్రం నిమిషాల్లో కొలిచిన దానిని సామెత ఒక ప్రశ్నలో పెట్టింది.

ఆ తరువాతి స్థితిని ఏమని పిలవాలన్నది మరో విషయం. రొమే రోలా 1927లో ఫ్రాయిడ్‌కు రాసిన లేఖలో, మతాలన్నింటికీ మూలమైన ఒక అనుభూతిని సముద్రంతో పోల్చాడు: హద్దులు లేని దానిలో తానూ కలిసి ఉన్నానన్న భావన. ఆ కాలంలోనే ఆయన రామకృష్ణ పరమహంస జీవితచరిత్ర రచనకు పూనుకొన్నాడు. సముద్రపు లోతు కొలవబోయి కరిగిపోయిన ఉప్పుబొమ్మ కథ పరమహంస చెప్పినదే. ఫ్రాయిడ్ తనలో అటువంటి అనుభూతి కనిపించలేదని 1930 నాటి గ్రంథంలో బదులిచ్చి, దానికి శైశవంలో మూలం వెదికాడు. చన్నీటి ఈతగాళ్లు తమ అనుభవాన్ని చెప్పే తీరు రోలా మాటలకు చాలా దగ్గరగా ఉంటుంది. చర్మం మొద్దుబారినపుడు దేహానికీ నీటికీ నడుమనున్న గీత నిజంగానే చెరిగినట్టు తోస్తుంది. కాని ఆ అనుభూతి ఒక్కటే ఆధ్యాత్మికత అయితే సంప్రదాయానికి ఇంత తతంగం అవసరమయ్యేది కాదు.

సంకల్పం

మంత్రపూర్వకమైన స్నానం సంకల్పంతో మొదలవుతుంది. సృష్టికర్త ఆయుష్షులో ఎన్నో భాగం నడుస్తున్నదో మొదలుకొని కల్పం, మన్వంతరం, యుగం, ద్వీపం, వర్షం, కృష్ణా గోదావరుల నడిమి దేశం, సంవత్సరం, ఋతువు, మాసం, తిథి, చివరకు గోత్రనామాలు చెప్పి, 'నేను ఈ స్నానం చేస్తున్నాను' అని స్నాత ప్రకటిస్తాడు. కటివస్త్రంతో నడుములోతు నీటిలో నిలిచి ఇంత పొడుగు వాక్యాన్ని పలకాలంటే శ్వాసను అదుపులో పెట్టుకోక తప్పదు. ఎగబడే ఊపిరిని పదాల్లోకి మళ్లించి నెమ్మదిగా విడవాలి. తొలి నిమిషపు విలవిలను దాటించే ఉపాయం ఇందులో ఉన్నదని ఊహించవచ్చు. శాస్త్రకారులు ఆ ఉద్దేశంతో విధించారని చెప్పడానికి మాత్రం ఆధారం లేదు. అఘమర్షణ విధి మరొక మెట్టు ముందుకు వెళ్తుంది. ఋగ్వేదం పదవ మండలంలోని 190వ సూక్తాన్ని నీటిలో మునిగి, ఊపిరి బిగబట్టి మనసులో ముమ్మారు జపించాలి. సృష్ట్యాదిలో ఋతసత్యాలు, రాత్రి, సముద్రం పుట్టిన క్రమాన్ని చెప్పే సూక్తమది. మునిగినవాడు ఆ మూడు ఋక్కుల సేపు సృష్టికి ముందరి నీటిలో ఉన్నట్టు భావించాలి.

మంత్రం రాని స్త్రీలకు, వ్రతంలో చేరిన బహుజనులకు ఈ తతంగం సంక్షిప్తమైంది. పసుపు కుంకుమ, ఒక నాణెం, 'గంగమ్మ తల్లీ' అన్న పిలుపు, మూడు మునకలు. సంకల్పం అక్కడా ఉంది. 'ఈ నెల మొత్తం చేస్తాను' అని మొదటిరోజున మొక్కుకోవడమే అది.

సాహిత్యం ఈ స్నానాన్ని రెండు విధాలుగా చూపింది. పెద్దన మనుచరిత్రలో ప్రవరుడు వేకువ గాలి తామరల పరిమళాన్ని మోసుకొచ్చే వేళ లేచి, శిష్యులతో వరణానదికి వెళ్తాడు. ఆ స్నానంలో చలి ప్రస్తావనకు రాదు. అది అతని దినచర్య, శ్వాస వంటిది. అదే ప్రవరుడు హిమాలయానికి పోయినపుడు అతని పాదాలకు పూసిన సిద్ధుని పసరు మంచునీటికి కరిగిపోతుంది. ఊరి నది చల్లదనం అతణ్ణి అతని స్థానంలో నిలిపింది. కుతూహలం కొద్దీ వెదుక్కొన్న చల్లదనం అతని దారిని చెరిపేసింది. చలిని దృశ్యంగా చూడబోయేవారికి, నిత్యంగా ఆచరించేవారికి ఉన్న తేడాను పెద్దన ఈ కథలో ఉద్దేశించాడా లేదా అన్నది వేరే చర్చ. నేటి చన్నీటి యాత్రికుల్లో మొదటి కోవవారే ఎక్కువ.

భాగవత దశమస్కంధంలోని కాత్యాయనీ వ్రతం దీనికి భిన్నమైనది. హేమంత ఋతువు మొదటి మాసంలో గోపకన్యలు అరుణోదయాన కాళిందిలో స్నానం చేసి, ఒడ్డున ఇసుకతో దేవి ప్రతిమ చేసి పూజిస్తారు. వస్త్రాపహరణ ఘట్టంలో వ్యాసుడు వారు కంఠం వరకు చన్నీటిలో మునిగి వణుకుతున్నట్టు స్పష్టంగా చెప్పాడు. పోతన ఈ ఘట్టాన్ని ఎంత ఆప్యాయంగా పెంచాడో తెలుగు పాఠకులకు తెలిసినదే. వ్యాఖ్యాతలు జీవాత్మల ఆవరణ తొలగింపుగా దీన్ని సమర్థించారు. ఆ వ్యాఖ్యానాల సంగతి అట్లా ఉంచి, కథలోని భౌతికస్థితిని చూస్తే ఒక విషయం తోస్తుంది: తామే కోరుకొన్న చలిలోకి దిగిన కన్యలు, మరొకరి చర్య వల్ల ఆ చలిలోనే నిర్బంధితులయ్యారు. నీరు అదే, వణుకు అదే. నడుమ మారింది ఇష్టం మాత్రమే.

ధనుర్మాసంలో తెలుగు వైష్ణవ గృహాల్లో వినిపించే తిరుప్పావై కూడా స్నానానికి పిలుపుతోనే ఆరంభమవుతుంది. పూర్వాచార్యులు ఆ నీరాటను భగవద్గుణాల్లో అవగాహనంగా వ్యాఖ్యానించారు.

స్నానం తరువాతి తర్పణం కూడా గమనించదగినది. దోసిలి నీరు దేవతలకు, ఋషులకు, పితరులకు, చివరకు ఏ బంధుత్వమూ లేనివారికి సైతం విడుస్తారు. ఒంటిమీది తడిబట్టను పిండిన నీరు సంతానం లేక మరణించినవారికి చెందుతుంది. తన ఒంటి నుంచి కారే నీటిలో కూడా దిక్కులేని మృతులకు వాటా ఉన్నదని చెప్పే ఈ చిన్న విధి, చన్నీటి మునకను సొంత ఆరోగ్యానికో ఉల్లాసానికో పరిమితం కానివ్వదు. నేటి చన్నీటి ఈత ప్రచారంలో లోపించిన అంశం ఇదే.

పుణ్ణిక ప్రశ్న

పై వివరణ ఇక్కడితో ఆగితే అది స్తోత్రమవుతుంది. చలిస్నానం మీద అతి పదునైన విమర్శ చేసినది ఒక దాసి. పాలీ త్రిపిటకంలోని థేరీగాథలో పుణ్ణిక అనే భిక్షుణి తన పూర్వజీవితాన్ని చెబుతుంది. ఆమె నీళ్లు మోసే పని చేసేది. యజమానురాళ్ల దండనకు, తిట్లకు భయపడి చలికాలంలో కూడా ఏటిలో దిగేది. ఒకనాడు చలికి గడగడలాడుతూ స్నానం చేస్తున్న బ్రాహ్మణుణ్ణి చూసి, 'నేను దెబ్బలకు భయపడి దిగుతున్నాను, నువ్వు దేనికి భయపడి దిగుతున్నావు?' అని అడుగుతుంది. పాపం పోగొట్టుకోవడానికని అతని జవాబు. స్నానంతో పాపం పోయేదయితే కప్పలు, తాబేళ్లు, మొసళ్లు మొదలైన జలచరాలన్నీ స్వర్గానికి పోవలసిందే కదా అని ఆమె వాదన. నది పాపాన్ని కడిగితే పుణ్యాన్ని కూడా కడిగేస్తుంది కదా అని ఆమె వేసిన మరో ప్రశ్నకు అతని దగ్గర సమాధానం లేదు. దేనికి భయపడి నీటిలో దిగుతున్నావో ఆ పనే చేయకుండా ఉండు, చలికి నీ చర్మాన్ని హింసించుకోకు అని ఆమె చెబుతుంది. బ్రాహ్మణుడు ఆమె మాట అంగీకరిస్తాడు.

తీర్థస్నానాల మీద వేమన ఎత్తిపొడుపులు తెలుగువారికి సుపరిచితం. కాని పుణ్ణిక మాటలో వేమనలో కూడా కనిపించని ఒక కోణం ఉంది. ఒకే నదిలో, ఒకే వేళలో, ఒకే చలిలో ఇద్దరున్నారు. ఒకరిది వ్రతం, మరొకరిది చాకిరీ. వణుకు ఎవరిదైనా వణుకే అయినపుడు, పుణ్యం ఒకరికే ఎందుకు దక్కాలి?

ఈ ప్రశ్నను మహమ్మద్‌నగర్ పరిసరాలకు తెస్తే అది పాలీ గ్రంథంలో ఉండిపోదు. నిజాంసాగర్ ఆయకట్టులో యాసంగి వరినాట్లు సరిగా పుష్య, మాఘ మాసాల చలిలోనే సాగుతాయి. పొద్దు పొడవక ముందే నారుమడిలో దిగి నారు పీకే స్త్రీలు, పిక్కల లోతు బురదనీటిలో నడుము వంచి రోజంతా నిలిచేవారు, ఏ మాఘపురాణం లెక్కకూ రాని జలనివాసం చేస్తారు. వారి పాదాలు ఒరుస్తాయి, వేళ్ల సందులు పాస్తాయి. చెరువులో వలలాగే బెస్తలు, రేవులో బట్టలు ఉతికే చాకళ్లు కూడా ఇదే చలిలో ఉన్నవారే. వారిలో చాలామంది మాఘ అమావాస్యనాడో శివరాత్రికో ప్రత్యేకంగా గంగస్నానానికి వెళ్లడం విశేషం. ఏడాది పొడుగునా నీటిలో ఉన్న మనిషికి మళ్లీ నీటి అవసరం ఏమిటని బయటివారికి తోచవచ్చు. ఆనాడు ఆ నీటిలో దిగమన్నవారు ఎవరూ లేరు, దిగాలని వారికి వారే అనుకొన్నారు; తేడా అక్కడే ఉంది. ఈ కారణం వల్ల పుణ్ణిక ప్రశ్న చలిస్నానాన్ని రద్దు చేయదని, అందులో విలువైన భాగం ఏదో తేల్చి చూపుతుందని చెప్పవచ్చు. చలికి పావనత్వం ఉంటే నాటు కూలీ అందరికంటే పావని. ఉన్నది సంకల్పానికే అయితే, ఆ సంకల్పం చేసుకొనే తీరికను, హక్కును అందరికీ కల్పించని సమాజంలో స్నానపుణ్యం సగం దొంగసొత్తు.

హక్కు అన్న మాట ఊరికే వాడినది కాదు. దళితులను ఊరి చెరువుల నుంచి దూరంగా ఉంచిన చరిత్ర తెలుగునాట దీర్ఘమైనది. 1927 మార్చి 20న మహాడ్‌లో చౌదార్ చెరువు నీటిని అంబేడ్కర్ తాగినది తాగునీటి అవసరానికి మాత్రమే కాదు. నీటికి మనిషిని మైలపరిచే, శుద్ధిపరిచే శక్తి ఉన్నదని నమ్మే సమాజంలో, నీటిని ముట్టుకోవడమే ఒక ప్రకటన. అంతకు దాదాపు అర్ధశతాబ్దం ముందు, 1878 జూలై 3న, ఒంగోలు ప్రాంతంలో బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ ఆధ్వర్యంలో గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. వారిలో అత్యధికులు మాదిగలు. అది ఆషాఢపు నీరు, చలి లేదు. అయినా ఆ సంఘటన ఈ చర్చలోకి రావలసినదే. బాప్టిస్టు సంప్రదాయంలో చిలకరింపు చాలదు, నిండా మునగాలి. ఊరి రేవుల్లో చోటు లేనివారు, కరువు కాలంలో, నడినదిలో నిండా మునిగి లేచారు. దాని ఆకర్షణను కరువు సాయానికి మాత్రమే ముడిపెట్టే చరిత్రకారులు ఆ మునక ఆనాటి మనుషులకు ఎలా అనిపించి ఉంటుందో తగినంతగా ఆలోచించలేదు.

మన్నుతో శుద్ధి

చలిని ఓర్వడాన్ని సాధనగా గుర్తించిన సంప్రదాయాలు దాని నుంచి మినహాయింపు కూడా ఇచ్చాయి. మహమ్మద్‌నగర్ పేరులోనే ఉన్న మరో ధర్మం ఇక్కడ ఉపకరిస్తుంది. నమాజుకు ముందు చేసే వుజూను కష్టమైన వేళల్లో సైతం లోపం లేకుండా నెరవేర్చడం పాపాలను తుడిచే పనుల్లో ఒకటని సహీహ్ ముస్లింలోని హదీసు చెబుతుంది. కష్టమైన వేళ అన్నదానికి వ్యాఖ్యాతలు మొదట చెప్పే ఉదాహరణ చలి. అదే సమయంలో నీరు హాని చేసే స్థితిలో శుభ్రమైన మట్టితో తయమ్ముమ్ చేసుకొనే వెసులుబాటు ఉంది. ఒక దండయాత్రలో అమ్ర్ ఇబ్నుల్ ఆస్ చలిరాత్రి స్నానం చేస్తే ప్రాణం పోతుందేమోనని తయమ్ముమ్‌తో నమాజు చేయించిన సంగతి విని ప్రవక్త నవ్వి ఊరుకొన్నారని హదీసు సాహిత్యంలో ఉంది.

ధర్మశాస్త్రాలు చెప్పిన సప్తస్నానాలు దీనికి ఆశ్చర్యకరమైన జోడు. మాంత్రం, భౌమం, ఆగ్నేయం, వాయవ్యం, దివ్యం, వారుణం, మానసం అన్న ఏడింటిలో నీటిలో మునిగేది వారుణం ఒక్కటే. మన్ను పూసుకోవడం భౌమం, విభూతి ధరించడం ఆగ్నేయం, గోధూళి సోకడం వాయవ్యం, ఎండలో కురిసే వానకు తడవడం దివ్యం, భగవచ్చింతన మానసం. రోగికి, వృద్ధునికి చన్నీటి నిర్బంధం లేదు. ఎడారిలో పుట్టిన శాస్త్రం, నదుల నడుమ పుట్టిన శాస్త్రం రెండూ నీటికి బదులుగా మట్టిని ఒప్పుకొన్నాయి. తప్పించుకొనే దారి ఉండబట్టే చన్నీటిలో దిగడం ఇచ్ఛాపూర్వకమవుతున్నది.

వైద్యదృష్టితో కూడా ఈ మినహాయింపులు ముఖ్యమైనవి. చలి తాకిడి గుండెను పరుగెత్తిస్తుంది. అదే క్షణంలో ముఖం మునిగి ఊపిరి ఆగితే మరొక ప్రతిస్పందన గుండెను నెమ్మదింపజేస్తుంది. పరస్పర విరుద్ధమైన ఈ రెండు ఆజ్ఞల మధ్య గుండె లయ తప్పవచ్చని టిప్టన్, షాటాక్ 2012లో వివరించారు. హృద్రోగులు తెల్లవారుజామున ఒక్కసారిగా తలమునక వేయడం భక్తి అనిపించుకోదు.

అవిజ్ఞాత జలాశయం

మనుస్మృతి నాలుగవ అధ్యాయం 129వ శ్లోకం స్నాననిషేధాలను చెబుతుంది: భుజించాక చేయరాదు, వ్యాధితో ఉండగా చేయరాదు, నడిరేయి చేయరాదు, మాటిమాటికీ వస్త్రాలతో చేయరాదు, తెలియని జలాశయంలో చేయరాదు. ఇతర విషయాల్లో మనువుతో ఎంత విభేదించినా, చివరి నిషేధాన్ని నిజాంసాగర్ గట్టున రాసిపెట్టవచ్చు. ఆనాటి భాషలో 'జలాశయం' అంటే నీరున్న ఏ చోటైనా. నేటి తెలుగులో అది ఆనకట్ట వెనుక నిలిచిన నీరు. అర్థం ఇలా కుదించుకుపోవడంలోనే ఒక చరిత్ర ఉంది.

1923లో మొదలై 1931లో పూర్తయిన నిజాంసాగర్ మీర్ ఉస్మాన్ అలీఖాన్ పాలనాకాలపు నిర్మాణం. రూపకర్త ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్. నిజామాబాద్ ప్రాంతాన్ని సస్యశ్యామలం చేసిన ఈ ఆనకట్ట మంజీరాను తరతరాలుగా తెలిసిన నది స్థితి నుంచి తప్పించింది. తొలుత దాదాపు 29.7 టీఎంసీలున్న నిల్వ సామర్థ్యం పూడిక వల్ల 17.8 టీఎంసీలకు తగ్గింది. పూడిక అంటే అడుగున మెత్తని ఒండు. ఒడ్డు నుంచి పది అడుగులు వేస్తే మోకాలి లోతా, మనిషి లోతా అన్నది ఆ ఏటి నీటిమట్టాన్ని బట్టి మారుతుంది. నదికి రేవు ఉంటుంది, జలాశయానికి ఉండదు. ఈత తెలియకుండా కేవలం మునక మీద నిలిచిన స్నానసంప్రదాయం రేవున్న నదికి సరిపోయింది. రేవు లేని నీటికి సరిపోదు. ఒకప్పుడు ఎండిన సొరకాయ బుర్రలు నడుముకు కట్టుకొని మోటబావుల్లో ఈత నేర్చిన తరానికి ఈ లోటు తెలియలేదు. బోరుబావులు వచ్చి, మోటబావులు పూడి, ఆ పాఠశాల మూతపడింది. సెలవుల్లో, పండుగల్లో ఈ నీళ్లలో యువకులు మునిగి మరణించిన వార్తలు పత్రికల్లో తరచూ వస్తున్నాయి.

నది ఎప్పుడు పారాలో నిర్ణయించేది కూడా ఇప్పుడు ఋతువు కాదు. నిజాంసాగర్‌కు ఎగువన, మంజీరా ఏడు పాయలుగా చీలే చోట వెలసిన ఏడుపాయల వనదుర్గ జాతర మాఘమాసాంతంలో మహాశివరాత్రికి జరుగుతుంది. జనమేజయుని సర్పయాగ సమయంలో గరుత్మంతుడు ఇక్కడికి గంగను తెచ్చాడని స్థలకథనం. జాతరనాటికి పాయల్లో నీరుండాలంటే సింగూరు నుంచి విడుదల కావాలి. దానికోసం ఉత్తర్వు రావాలి. పురాణంలో గరుత్మంతుడు చేసిన పని నేడు నీటిపారుదల శాఖది. దిగువన కందకుర్తిలో మంజీరా, హరిద్రలు గోదావరిని కలిసే సంగమం ఉంది. అక్కడి గోదావరికి ఎగువన బాబ్లీ ప్రాజెక్టు ఉన్నది. 2013 ఫిబ్రవరి 28 నాటి సుప్రీంకోర్టు తీర్పు ప్రకారం దాని గేట్లు జూలై 1 నుంచి అక్టోబర్ 28 వరకే తెరిచి ఉంటాయి. దీపావళి మరునాడు మొదలయ్యే కార్తికమాసం చాలా సంవత్సరాల్లో ఆ తేదీకి అటూ ఇటూగానే వస్తుంది. వ్రతం మొదలయ్యే వారాల్లోనే ప్రవాహం కట్టుబడుతుంది. సంకల్పంలో చెప్పే మాస తిథులకు, నదిలో నిజంగా నీరుండే తేదీలకు ఇప్పుడు పొంతన లేదు. నీరు పారని నదిలో మునిగే మనిషి తిరిగి ఏ గుంటలోనో, మడుగులోనో దిగుతాడు. ఒడ్డునున్న పాత మెట్లు ఆ గుంటల దాకా రావు.

ఈ సందర్భంలో ఎల్లారెడ్డికి చేరువలోని లింగంపేటలో ఉన్న నాగన్న బావిని ఒక నిర్మాణంగా కాక, స్నానవిధానంగా చూడవలసి ఉన్నది. దిగుడుబావిలో దేహం నీటిలోకి ఒక్కసారిగా పోదు. మడమ, పిక్క, మోకాలు, నడుము, రొమ్ము అన్న క్రమంలో మెట్టు మెట్టుకూ చలిని ఒప్పుకొంటూ దిగాలి. వద్దనిపిస్తే ఏ మెట్టు దగ్గరైనా ఆగి వెనుదిరగవచ్చు. ఎన్ని మెట్లు నీటిలో ఉన్నాయో చూసి, ఆ ఉదయం లోతు ఎంతో ఒడ్డునున్నవారు ముందే చెప్పగలరు.